వైన్ ద్రాక్షకు బరువు శత్రువే

ప్రశ్న: ఎకరన్నర ఎర్రనేలలో షిరాజ్ అనే ఎర్ర వైన్ ద్రాక్ష పెట్టాం. ఇంటిల్లిపాదీ చేసుకునే తోట. తినే రకమైన థాంప్సన్ సీడ్‌లెస్ అలవాటుకొద్దీ గుత్తులకు జీఏ (కాయను ఊరించే జిబ్బరెల్లిక్ ఆమ్లం) కొట్టాం, కోత దాకా రోజూ డ్రిప్ వదిలాం, తీపి కోసం పొటాష్ ఎక్కువేశాం. కాయ బాగా ఊరింది గానీ బ్రిక్స్ (రసంలో తీపి కొలత) 18 దాటలేదు, రంగూ పలచన. వైన్‌వాళ్లు వద్దన్నారు. లోపం ఎక్కడ?
– ఓ రైతు, నార్పల, అనంతపురం జిల్లా

జవాబు: మీరు చేసినవి తినే ద్రాక్షకు పనికొచ్చేవే. ఎర్ర వైన్‌కు రంగు, వగరు ఇచ్చేది తొక్క. కాయ ఉబ్బేకొద్దీ రసం పెరిగి తొక్క వాటా తగ్గుతుంది. కాబట్టి జీఏ పూర్తిగా మానండి.

అసలు దెబ్బ నీళ్ల దగ్గర తగిలింది. పిందె నిలిచాక కొమ్మ చివర్లు, నులితీగలు ఇంకా సాగుతున్నాయంటే నీరో నత్రజనో ఎక్కువైనట్టే. ఆకు చేసిన చక్కెర కాయకు చేరకుండా కొత్త చిగురుకు పోతుంది. కాయ రంగు తిరగడం మొదలైన దగ్గర్నుంచి నీరు సగానికి తగ్గించండి. పూర్తిగా ఆపొద్దు. మన ఎర్రనేలల్లో తేమ నిలవదు, ఆకు రాలితే తీపి అక్కడే ఆగిపోతుంది.

అదనపు పొటాష్ కూడా చేటే. రసంలో పొటాషియం పెరిగితే పులుపు విరిగి పీహెచ్ పైకి పోతుంది. అలాంటి వైన్ రంగు నిలవదు, త్వరగా చెడుతుంది. భూసార పరీక్షలో తక్కువని తేలితేనే వేయండి.

ఒక గుత్తి పండాలంటే 12–15 మంచి ఆకులు కావాలి. కొమ్మకు ఒక్క గుత్తే ఉంచండి. తోటంతా రంగు తిరిగాక కూడా పచ్చగా మిగిలిన గుత్తుల్ని కోసి పారేయండి. చేతులు రావు, నిజమే, కానీ అవి ఉంటే సరుకంతా తేలిపోతుంది. వరసలు ఉత్తర దక్షిణాలుగా ఉంటే గుత్తుల దగ్గరి ఆకుల్ని తూర్పువైపే తీయండి, అదీ కాయ మిరియం గింజంత ఉన్నప్పుడే. పడమటి ఆకు తీస్తే మధ్యాహ్నపు ఎండకు కాయ మాడుతుంది.

ప్రశ్న: అక్టోబరులో చేసే కొమ్మల కత్తిరింపు నుంచి రోజులు లెక్కేసి కోయొచ్చా?
– ఓ పాఠకురాలు, కడప

జవాబు: రోజులు అంచనాకే. రంగు తిరిగాక వారానికి రెండుసార్లు, తెల్లవారి, తోటంతా తిరిగి 100 కాయలు తెంపండి. గుత్తి పైనా, మధ్యా, కిందా, రెండు వైపులా తీయాలి. బాగా నల్లబడినవే ఏరితే లెక్క తప్పుతుంది. అన్నీ కలిపి నలిపి, ఆ రసం చుక్కతో రిఫ్రాక్టోమీటర్ (బ్రిక్స్ కొలిచే పరికరం) చూడండి. ఎర్ర రకాలకు బ్రిక్స్ 22–24, పీహెచ్ 3.3–3.6 మధ్య ఉండి, గింజ గోధుమ రంగుకు తిరిగితే కోతకొచ్చినట్టు. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండెక్కకముందే ముగించండి. ట్రేలు నిండా నింపితే అడుగు కాయ చితికి, దారిలోనే పులవడం మొదలవుతుంది.