పదహారు నెలల పాప దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటోంది. ఎలా మాన్పించాలి?

ఈ వయసు పిలకాయలకు నోరే మూడో చెయ్యి. వస్తువు గట్టిదా, మెత్తదా అన్నది నాలుకతోనే తేల్చుకుంటారు. తిడితే మానరు. మామూలుగా రెండేళ్లు దాటాక తగ్గుతుంది, మూడేళ్లకు దాదాపు పోతుంది.

మా కందుకూరు ఇంట్లో అసలు టెన్షన్ శెనక్కాయలతో. వసారాలో అత్తమ్మ కాయలు ఒలుస్తుంటే మంచం కోడు పక్కన ఒక పలుకు పడింది. మావాడి చెయ్యి పడేలోపు నేను చూశాను. అప్పటినుంచి ఒలిచే పని మిద్దె మీదే. పలుకు గాలిగొట్టంలోకి పోతే ఊపిరాడదు, చింతపిక్కలూ అంతే. రోజుకోసారి మీరే నేలమీద బోర్లా పడుకుని చూడండి, మంచం కింద ఏమేం ఉన్నాయో తెలుస్తుంది.

రిమోట్లలో, బొమ్మల్లో ఉండే బటన్ బ్యాటరీ లెక్క వేరు. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించకుండా ఆసుపత్రికి పరుగెత్తండి. ఏదైనా అడ్డుపడితే గుడ్డిగా వేలుపెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది.

ఏదైనా లాక్కుంటే బదులు ఇంకోటి ఇవ్వాలి. మావాడికి కడిగిన చెక్క గరిటె చాలు, అరగంట నమిలేవాడు. రెండేళ్లు దాటాక కూడా మట్టి, గోడ సున్నం తింటుంటే మాత్రం రక్తహీనత ఉందేమో డాక్టరుకు చూపించండి.