నాబ్‌లు లెక్కపెట్టి కొనకు అమ్మలూ

అమ్మలూ,

నువ్వు కొందామనుకుంటున్న మిడీ కంట్రోలర్ల లిస్టు చూశాను, అదే, కంప్యూటర్‌లోని శబ్దాలని వాయించడానికి వాడే కీబోర్డ్‌లది (మిడీ అంటే వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష). అందులో తీసిపారేయాల్సినవేం లేవు, కానీ వాటిని పోల్చిన తీరు మాత్రం నాకు నచ్చలేదు. ఎన్ని కీలు, ఎన్ని నాబ్‌లు (వేళ్లతో తిప్పే గుండ్రటి పిడులు), ఎన్ని ప్యాడ్‌లు (వేళ్లతో కొట్టే పలకలు), ఏ సాఫ్ట్‌వేర్ ఊరికే వస్తుంది అని గడులు గీసి నింపేశావు. నీ చేతులు ఏం చేస్తాయన్నది ఆ పట్టికలో ఎక్కడా లేదు. రెండు చేతులతో పియానో వాయించడం ఒక పని, ఒక చేత్తో స్వరం పట్టి రెండో చేత్తో ఫిల్టర్ (శబ్దాన్ని మెత్తగా, పదునుగా మార్చేది) తిప్పడం ఇంకో పని, వేళ్లతో డ్రమ్స్ కొట్టడం, ముందే తయారుచేసుకున్న ముక్కలు, అంటే క్లిప్‌లు, వదులుతూ పాట నడిపించడం మళ్లీ వేరే పనులు. అన్నీ చేస్తానని చెప్పే డబ్బా అన్నీ అరకొరగానే చేస్తుంది. ప్యాడ్‌లు ఉంటాయి గానీ మెల్లగా కొడితే పలకవు, నాబ్‌లు ఉంటాయి గానీ మధ్యలో వేలు దూరనంత ఇరుకుగా ఉంటాయి.

కీల సంగతి తొందరగా చెప్పేస్తాను. పియానో ఎక్కువగా వాయించేవాళ్లకి నిజం పియానోలా బరువుగా నొక్కుకునే హ్యామర్ యాక్షన్ ఉన్న 88 కీలు కావాలి, దాన్ని మోయడానికి తోడు ఇంకో మనిషీ కావాలి. నువ్వు వాయించేది స్ట్రింగ్స్, లీడ్, ఆర్గాన్ కాబట్టి తేలికైన సింథ్ యాక్షన్‌తో 49 చాలు, కీబోర్డ్‌ని రెండు భాగాలు చేసి రెండు శబ్దాలు వాయించాలనుకుంటే 61 తీసుకో. చిన్న కీలున్న 25 కీల కీబోర్డ్ ప్రయాణంలో ట్యూన్ రాసుకోవడానికి పనికొస్తుంది, స్టేజీ మీద మాత్రం ఆక్టేవ్ బటన్లు (కీలని పై స్థాయికీ కింది స్థాయికీ మార్చేవి) నొక్కడంతోనే సరిపోతుంది. ఆఫ్టర్‌టచ్ ఉంటే మంచిదే, కీ నొక్కి పట్టుకుని ఇంకాస్త ఒత్తితే శబ్దం మారుతుంది. మామూలుగా అది కీబోర్డ్ మొత్తానికి కలిపి ఒకటే ఉంటుంది. ప్రతి వేలికీ విడిగా వంపు, ఒత్తిడి కావాలంటే ఎంపీఈ (మిడీలో ప్రతి స్వరాన్నీ విడిగా మలిచే పద్ధతి) ఉన్నది చూడాలి, 2018లో అది అధికారిక ప్రమాణం అయింది, ఒక్కో స్వరాన్ని ఒక్కో చానెల్‌లో పంపుతుంది. అయితే నువ్వు వాడే ప్లగిన్‌కి, అంటే కంప్యూటర్‌లో శబ్దం పుట్టించే సాఫ్ట్‌వేర్‌కి, కూడా ఎంపీఈ తెలియాలి, లేకపోతే ఆ డబ్బంతా దండగ.

ఇప్పుడు అసలు విషయం, నాబ్‌లు. నువ్వు దీన్ని ఒక్క గడిలో ముగించేశావు. నాబ్‌లో రెండు జాతులున్నాయి. ఒకటి రేడియో వాల్యూమ్ లాగా ఒక చోట మొదలై ఒక చోట ఆగేది, దాన్ని పాట్ అంటారు. రెండోది ఎటు తిప్పినా ఆగకుండా తిరిగేది, ఎన్‌కోడర్. పాట్ ఎప్పుడూ తన స్థానాన్ని చెబుతుంది, 0 నుంచి 127 దాకా ఏదో ఒక అంకె. చిక్కంతా ఇక్కడే వస్తుంది. మొదటి పాటలో ఫిల్టర్ పూర్తిగా తెరిచి వదిలేశావనుకో, నాబ్ చివరిదాకా తిరిగి ఉంది. రెండో పాటకి మారావు, అందులో నువ్వు సేవ్ చేసిన శబ్దం ఫిల్టర్ మూసి ఉన్న మెత్తటి స్ట్రింగ్స్. ప్లగిన్‌కి అది తెలుసు, నాబ్‌కి తెలియదు. నువ్వు దాన్ని వెంట్రుకవాసి కదిపినా చాలు, 126 అని పంపేస్తుంది, మెత్తగా మోగుతున్నది కాస్తా ఒక్కసారిగా అరుస్తుంది, పాడేవాళ్లు వెనక్కి తిరిగి నీ వైపు చూస్తారు.

దీనికి మందులున్నాయి. చాలా సాఫ్ట్‌వేర్‌లలో పికప్ అనో టేకోవర్ అనో ఒక సెట్టింగ్ ఉంటుంది, నాబ్ ఆ సేవ్ చేసిన విలువ దాటేదాకా శబ్దంలో ఏమీ మారదు. సురక్షితమే, కానీ పాట మధ్యలో నాబ్ తిప్పుతున్నా ఏమీ జరగని ఆ క్షణం భలే టెన్షన్‌గా ఉంటుంది. స్కేలింగ్ అని ఇంకోటి ఉంది, తేడాని కొంచెం కొంచెంగా సర్దుతూ పోతుంది, నాకు దీని కంటే పికప్పే నయం, కనీసం ఏం జరుగుతుందో తెలుస్తుంది. అన్నిటికన్నా మేలు ఎన్‌కోడర్, చుట్టూ లైట్ల వలయం ఉన్నదైతే ప్లగిన్‌లో విలువ ఎక్కడుందో చూపిస్తుంది, నువ్వు అక్కడి నుంచే తిప్పుతావు. ఒక జాగ్రత్త. ఎన్‌కోడర్లు ఎంత కదిలిందన్నది పంపే పద్ధతులు రెండు మూడు రకాలున్నాయి, కంట్రోలర్‌లో ఒకటి, సాఫ్ట్‌వేర్‌లో ఇంకోటి పెట్టి ఉంటే కుడికి తిప్పినా విలువ ఎడమకి దూకుతుంది. చాలామంది పరికరం పాడైందనుకుని వెనక్కి పంపేస్తారు. రెండు వైపులా ఒకే పద్ధతి పెట్టుకుంటే సరిపోతుంది. మోటార్ ఫేడర్లు కూడా ఉన్నాయి, వాటంతట అవే కదిలి సరైన చోట నిలబడతాయి, మిక్సింగ్‌కి బ్రహ్మాండం, స్టేజీ మీద వాటికి పెట్టే ఖర్చు నాకు అనవసరం అనిపిస్తుంది.

127 అన్న అంకె గురించి ఇంకొక్క మాట. మొత్తం 128 మెట్లే అన్నమాట, రెజొనెన్స్ (ఫిల్టర్ అంచున శబ్దాన్ని పదును చేసేది) ఎక్కువ పెట్టి ఫిల్టర్ నెమ్మదిగా తెరిస్తే కొన్ని ప్లగిన్‌లలో ఆ మెట్లు చెవికి దొరికిపోతాయి. పిచ్ వీల్‌కి ఈ బాధ లేదు, దానికి 16,384 మెట్లు. 2020లో వచ్చిన మిడీ 2.0లో నాబ్‌లకి కూడా చాలా సన్నటి మెట్లున్నాయి, కానీ కంట్రోలర్, కంప్యూటర్, ప్లగిన్ అన్నిటికీ అది వచ్చి ఉండాలి, దాని కోసం కొనడం ఆపుకోకు. ఈలోపు చేతిలో ఉన్న ఉపాయం ఒకటుంది. మ్యాప్ చేసేటప్పుడు, అంటే నాబ్‌ని ప్లగిన్‌లోని ఒక పనికి కలిపేటప్పుడు, కనిష్ఠం, గరిష్ఠం పెట్టుకునే వీలుంటుంది, ఫిల్టర్ మొత్తాన్ని నాబ్‌కి ఇవ్వకుండా ఆ పాటలో నువ్వు నిజంగా వాడే ముక్కనే ఇవ్వు. ఆ 128 మెట్లూ ఆ ముక్కలోనే సర్దుకుంటాయి, పైగా ఎంత ఆవేశంలో తిప్పినా శబ్దం అదుపు తప్పదు.

ఇక మ్యాపింగ్. మిడీ లెర్న్ (నాబ్ తిప్పగానే దాన్ని ప్లగిన్‌కి కలిపేసే సౌకర్యం) దొరికింది కదా అని ప్రతి ప్లగిన్‌లో తోచినట్టు కలుపుకుంటూ పోతే, ఎనిమిది నాబ్‌లు పది ప్లగిన్‌లలో ఎనభై పనులు చేస్తాయి, అందులో ఒక్కటీ చేతికి గుర్తుండదు. ఏ శబ్దం తెరిచినా మొదటి నాబ్ శబ్దం ఎంత విచ్చుకోవాలో చూడాలి, రెండోది రెజొనెన్స్, మూడోది అటాక్ (శబ్దం ఎంత త్వరగా మొదలవ్వాలో), నాలుగోది రిలీజ్ (కీ వదిలాక ఎంతసేపటికి ఆగాలో), చివరిది రివర్బ్ (గది ప్రతిధ్వని). వరుస నీ ఇష్టం, కానీ ఒకసారి పెట్టుకున్నాక మార్చకు. వీటికి ముందు నుంచీ వాడుకలో ఉన్న సీసీ నంబర్లు (నాబ్ ఏ పని చేస్తోందో మిడీలో చెప్పేవి) వరుసగా 74, 71, 73, 72, 91, వాటినే వాడితే చాలా సింథ్‌లు చెప్పకుండానే అర్థం చేసుకుంటాయి. కుదిరినచోట నేరుగా ప్లగిన్ పారామీటర్‌కి కాకుండా మధ్యలో ఒక మ్యాక్రోకి (సాఫ్ట్‌వేర్‌లో ఉండే మధ్యవర్తి నాబ్‌కి) కలుపు, రేపు ప్లగిన్ మార్చినా నీ నాబ్ పని మారదు. 64 జోలికి పోకు, అది సస్టెయిన్ పెడల్‌ది. శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ వాయించడానికి కాలి పెడల్ పెడితే 7కి బదులు 11 వాడు, 7 మిక్స్‌లో నువ్వు కుదిర్చిన వాల్యూమ్, అది అలాగే ఉండాలి.

కీలు బాగా పలకడం లేదని ప్లగిన్‌ని తిట్టేముందు వెలాసిటీ కర్వ్ (నొక్కే బలం ఏ అంకెగా మారాలో చెప్పే సెట్టింగ్) సరిచెయ్యి. నువ్వు వాయించగలిగినంత మెల్లగా వాయించు, తర్వాత గట్టిగా, వచ్చే అంకెలు 20 నుంచి 120 దాకా అయినా పరుచుకోవాలి. అన్నీ 80, 100 మధ్యే తిరుగుతుంటే ఎంత ఖరీదైన శాంపిల్ లైబ్రరీ (నిజం వాయిద్యాల రికార్డింగ్‌ల మూట) అయినా బొమ్మ పియానోలాగే వినిపిస్తుంది.

నొక్కిన కాసేపటికి మోగుతోందన్నావు. అది దాదాపు ఎప్పుడూ కంట్రోలర్ తప్పు కాదు. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 512 శాంపిళ్ల బఫర్ (శబ్దాన్ని బయటికి పంపేముందు కంప్యూటర్ పోగుచేసుకునే ముక్క) అంటే దానికే 11.6 మిల్లీసెకన్లు, ఆపైన ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని స్పీకర్లకి పంపే పెట్టె) తీసుకునేది వేరే. 128 పెడితే 3 మిల్లీసెకన్ల లోపే. అది మార్చినా ఆలస్యం పోలేదంటే మాస్టర్ ట్రాక్ (అన్ని శబ్దాలూ కలిసి బయటికెళ్లే దారి) మీద ఆలస్యం తెచ్చే ఎఫెక్ట్, అంటే ముందుచూపున్న లిమిటరో, లీనియర్ ఫేజ్ ఈక్వలైజరో ఉండి ఉంటుంది, వాయించేటప్పుడు తీసెయ్. బ్లూటూత్ కంట్రోలర్‌ని ఇంట్లో సోఫాలో కూర్చున్నప్పుడు వాడుకో, స్టేజీ ఎక్కించకు.

స్టేజీ మీద ఎక్కువగా మొరాయించేది కేబుల్. ఇంకోటి సంచిలో ఉండాలి, ఉన్నదాన్ని స్టాండ్‌కి కట్టెయ్, ఎవరి కాలు తగిలినా సాకెట్ మీద భారం పడదు. రిహార్సల్‌లో వాడిన యూఎస్‌బీ పోర్ట్‌లోనే అక్కడా పెట్టు, కొన్ని సిస్టమ్‌లు పోర్ట్ మారితే దాన్ని కొత్త పరికరం అనుకుని మ్యాపింగ్ మర్చిపోతాయి. ల్యాప్‌టాప్‌లో యూఎస్‌బీ పవర్ సేవింగ్, వైఫై, నోటిఫికేషన్లు ఆపెయ్. సస్టెయిన్ పెడల్ తగిలించాకే కీబోర్డ్ ఆన్ చెయ్యి, చాలా కీబోర్డ్‌లు ఆన్ అయ్యేటప్పుడే పెడల్ ఏ రకమో పసిగడతాయి, తర్వాత పెడితే తొక్కినప్పుడు ఆగి వదిలినప్పుడు మోగుతుంది. ఆగకుండా మోగుతూ ఉండిపోయే స్వరం ఎప్పుడో ఒకప్పుడు తప్పదు, దానికి ఒక బటన్‌ని ఆల్ నోట్స్ ఆఫ్‌కి (అన్ని స్వరాలనీ ఆపే ఆదేశానికి) ఇచ్చి ఉంచు, సీసీ 123. దానికీ లొంగని ప్లగిన్‌లకి 120 పనిచేస్తుంది. పాటకి పాటకి మధ్య ప్రాజెక్ట్‌లు తెరుస్తూ కూర్చోకు, అన్ని శబ్దాలూ ఒకే ప్రాజెక్ట్‌లో ముందే ఎక్కించి, ఒక బటన్‌తో తర్వాతి శబ్దానికి వెళ్లేలా పెట్టుకో.

పాత సామాను కొనడానికి మొహమాటపడకు. 1983 జనవరిలో నామ్ అనే సంగీత పరికరాల ప్రదర్శనలో ప్రాఫెట్ 600ని, జూపిటర్ 6ని, అంటే రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డ్‌లని కలిపి చూపించిన ఆ మిడీయే ఇప్పటికీ నడుస్తోంది, ఐదు పిన్నుల సాకెట్ ఉన్న పాత కీబోర్డ్‌ని కూడా ఒక చిన్న ఇంటర్‌ఫేస్‌తో నీ ల్యాప్‌టాప్‌కి కలపొచ్చు. కొనేముందు మిడీ మానిటర్ (కీబోర్డ్ పంపే అంకెలని చూపించే సాఫ్ట్‌వేర్) తెరిచి ఏమీ ముట్టుకోకుండా చూస్తూ ఉండు, ఏదైనా అంకె దానంతట అదే మారుతోందంటే ఆ నాబ్ అరిగిపోయింది. తర్వాత ప్రతి కీ, ప్రతి ప్యాడ్ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి చూడు.

నీ లిస్టులో మూడోది తీసుకో. 49 కీలు, ఎనిమిది ఎన్‌కోడర్లు, ప్యాడ్‌లు లేవు, నీకు అక్కర్లేదు కూడా. కాకపోతే దాని సెట్టింగ్‌లు మార్చే ఎడిటర్ నీ ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటుందో లేదో, మార్చినవి కీబోర్డ్‌లోనే సేవ్ అవుతాయో లేదో డబ్బు కట్టకముందే చూసి నాకు చెప్పు. సేవ్ కాకపోతే రెండోది చూద్దాం.

బాబాయ్