‘పెరంబూరులోనూ, అన్నానగర్‌లోనూ’: ఒక వరసా, రెండు వరసలా?

సందేహం: చెన్నైలో ఒక తెలుగు సంఘానికి లెక్కలు చూస్తుంటాను. ‘పెరంబూరులోనూ, అన్నానగర్‌లోనూ ఉండే 60 ఏళ్ళు దాటిన సభ్యుల చందా మొత్తం ఎంత?’ అని మా అధ్యక్షులు అడిగారు. ఎక్సెల్‌లో డీసమ్ (DSUM) ఫార్ములా, అంటే మనం చెప్పిన వాటికి సరిపోయినవాళ్ళ అంకెల్ని మాత్రమే కూడేది, వేసి, ఎవరు కావాలో చెప్పే క్రైటీరియా పట్టికలో రెండు పేటల పేర్లూ ఒకే వరసలో రాశాను. సున్నా వచ్చింది. ‘లోనూ, లోనూ’ అంటే ‘మరియు’ కదా, మరి ఒకే వరసలో ఉండాలి కదా అనుకున్నాను. మా అబ్బాయేమో ‘మీ వాక్యమే తప్పు నాన్నా, లేదా అనాలి’ అంటున్నాడు. ఎవరిది తప్పు? క్రైటీరియాను తెలుగులో ప్రమాణాలు అనాలా, నిబంధనలు అనాలా?

సమాధానం: మీ వాక్యంలో ఏ తప్పూ లేదండీ. దాన్ని ‘మరియు’లోకి మార్చుకోవడం దగ్గరే చిక్కు వచ్చింది.

డీసమ్ ఒక్కో సభ్యుణ్ణి విడివిడిగా చూస్తుంది. షరతుల (క్రైటీరియా) పట్టికలో ఒక వరసలో ఉన్నవన్నీ ఆ ఒక్క మనిషికే వర్తించాలి. వేరే వరసలో రాస్తే, ఏ ఒక్క వరసకు సరిపోయినా అతన్ని లెక్కలోకి తీసుకుంటుంది. పేట గడిలో పెరంబూరు అని ఉన్న సభ్యుడికి అదే గడిలో అన్నానగర్ ఉండదు. అందుకే సున్నా.

ఈ తేడా మన భాషలో మొదటినుంచీ ఉంది. ‘పెరంబూరులోనూ, అన్నానగర్‌లోనూ ఉండే సభ్యులు’ అన్నప్పుడు రెండు గుంపుల్ని కలుపుతున్నాం. ఒకే మనిషి రెండు చోట్లా ఉంటాడని ఎవరూ అనుకోరు. అదే ఒక మనిషికి రెండు లక్షణాలు కావాలంటే మనం క్రియతో కలుపుతాం: ‘పెరంబూరులో ఉంటూ, 60 నిండి, చందా కట్టని సభ్యులు’. వ్యాకరణంలో శత్రర్థకం, క్త్వార్థకం అనే ఆ ‘ఉంటూ’, ‘నిండి’ రూపాలే ఒకే వరస అని చెబుతున్నాయి. నామాల చివర వచ్చే ‘ఊ’లు చాలాసార్లు వేర్వేరు వరసల్ని సూచిస్తాయి. ‘మరియు’ అనేసరికి ఈ రెండూ కలిసిపోతాయి. పాత కావ్యాల్లో ‘మఱియు’ ఉంది, కానీ అక్కడ దాని అర్థం ‘ఇంకా, అంతేకాక’ అని. ప్రతి రెండు మాటల మధ్యా దాన్ని దూర్చడం నాకు ఇష్టం ఉండదు. ఎందుకో మీ సున్నాయే చూపిస్తోంది.

కాబట్టి పెరంబూరు ఒక వరసలో, అన్నానగర్ దాని కింద వరసలో రాయండి. వయసు షరతు మాత్రం రెండు వరసల్లోనూ ఉండాలి. పై వరసలో ఒక్కచోటే రాస్తే అన్నానగర్ కుర్రవాళ్ళు కూడా లెక్కలోకి వచ్చేస్తారు. ఆ కిందే ఒక ఖాళీ వరసను కూడా కలుపుకొని ఎంచుకున్నారా, అది ‘ఏ షరతూ లేదు’ అన్నట్టే. ఇక సంఘం మొత్తం వచ్చేస్తుంది.

‘తప్ప’ అనే మాట దగ్గర ఇది తలకిందులవుతుంది. ‘పెరంబూరు, అన్నానగర్ తప్ప మిగతావాళ్ళు’ కావాలంటే ‘పేట’ అనే శీర్షికను పక్కపక్కనే రెండుసార్లు పెట్టి, రెండు ‘కాదు’లనూ ఒకే వరసలో రాయాలి. విడి వరసల్లో రాస్తే పెరంబూరు మనిషి ‘అన్నానగర్ కాదు’ అనే వరసలోంచి లోపలికి వచ్చేస్తాడు. ‘పెరంబూరూ కాదు, అన్నానగరూ కాదు’ అని పైకి అనుకుని చూడండి, రెండూ ఒకే మనిషి గురించేనని మీకే తెలుస్తుంది.

క్రైటీరియాకు నేనైతే షరతులు అంటాను. ప్రమాణం అంటే కొలిచే గీటురాయి. ఉద్యోగాల ఎంపికకు బాగుంటుంది. నిబంధన అంటే తెలుగులో పాటించాల్సిన కట్టుబాటు అనే భావమే ముందు వస్తుంది. చెన్నైలో ప్రకటనల మీద ‘నిబందనై’ అని రోజూ చూస్తుంటారు కాబట్టి మీకు ఆ మాట తోచి ఉంటుంది. తమిళంలో దానికి షరతు అనే అర్థమే స్థిరపడింది. షరతు అరబ్బీ మాటే అయినా, ‘షరతులు వర్తిస్తాయి’ అంటే అర్థంకాని తెలుగువాళ్ళు లేరు. శీర్షికలు మాత్రం సభ్యుల పట్టికలోనూ, షరతుల పట్టికలోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. వయసు, వయస్సు రెండూ మనకు ఒప్పే. ఎక్సెల్‌కు అవి రెండు వేర్వేరు మాటలు.

మీరు అడగని ఇంకో మాట ఉంది: ‘60 దాటిన’. 60 నిండి మూడు నెలలైన పెద్దాయన్ని చూసి ‘ఆయనకు అరవై దాటాయి’ అంటాం. మీ పట్టికలో ఆయన వయసు 60 అనే ఉంటుంది. గడిలో >60 అని రాస్తే ఆయన లెక్కలోకి రాడు. ‘60 నిండిన’ అంటే >=60, పేచీ లేదు. ‘లోపు’ కూడా ఇలాంటిదే. ఐదేళ్ళలోపు పిల్లల్లో ఐదు నిండినవాడు ఉండడు, కానీ పదో తేదీలోపు కట్టమంటే పదో తేదీన కట్టినవాణ్ణి ఆలస్యం చేశాడని ఎవరూ అనరు. ‘మించని’ అంటే హద్దు కూడా లోపలే, <= అని రాసుకోవచ్చు.

ఆ 60 దగ్గర ఉన్నవాళ్ళను కలపాలో వద్దో మీ అధ్యక్షుల్ని అడిగాకే ఫార్ములా వేయండి.