ఎరుపు వెలిసిన పడవలు

ప్రశ్న: మా నాన్నగారు 1979లో మూర్ మార్కెట్లో కొన్న పటం మా హాల్లో ఉంది. ఇసుక ఒడ్డున నాలుగు పడవలు, వెనక సముద్రం. కింద వాన్ గో అని అచ్చయి ఉంది. ఇప్పుడు బొమ్మంతా నీలంగా మారిపోయింది. తెలిసిన ఆర్టిస్టు ఒకాయన మళ్లీ రంగులు వేసిస్తానంటున్నారు. వేయించమంటారా? పడవ మీద ఏదో రాసి ఉంది, అదేమిటి?
– ఒక పాఠకురాలు, బీసెంట్ నగర్, చెన్నై

జవాబు: వేయించకండమ్మా. ఆఫ్‌సెట్ ప్రెస్సులో ముప్పై ఏళ్లు సిరాలతో గడిపినవాణ్ణి, గట్టిగానే చెబుతున్నాను. భూతద్దం పెట్టి చూడండి, బొమ్మంతా చుక్కలే. సయాన్ అనే నీలం, మెజెంటా అనే ముదురు గులాబీ, పసుపు, నలుపు, ఈ నాలుగు సిరాల చుక్కలు. ఎండ తగిలితే ముందు పోయేవి పసుపు, మెజెంటా. ఆ రెండూ కలిస్తేనే ఎరుపు. అందుకే ఎర్ర పడవ పాలిపోయి, నీలం మిగిలింది. చుక్కల మీద కుంచెతో రంగు పూస్తే అది అచ్చూ కాదు, చిత్రమూ కాదు. పోయిన రంగు ఎలాగూ తిరిగిరాదు, ఉన్నది కాపాడుకుందాం.

పడవ మీద రాసి ఉన్న మాట 'అమీతియే'. ఫ్రెంచిలో స్నేహం. 1888 జూన్‌లో వాన్ గో ఫ్రాన్సు దక్షిణ తీరాన సాంత్-మరీ అనే ఊరికి వెళ్లాడు. పడవలు రోజూ తెల్లవారకుండానే కడలి మీదికి పోయేవి, అక్కడే కూర్చుని రంగులు వేసే వీలు లేదు. గంటలో గీత బొమ్మ గీసుకుని, ఆర్ల్‌లోని తన గదికి వచ్చాక నూనె రంగుల్లో వేశాడు. ఒక్క మనిషి నడిపే చిన్న పడవలవి, గాలి కాస్త ఎక్కువైతే ఒడ్డుకు వచ్చేసేవని స్నేహితుడికి రాశాడు. వాటిని చూస్తే పూలు గుర్తొస్తాయని కూడా. మీ దగ్గరి జాలరి పల్లె ఊరూర్ కుప్పంలో ఫైబర్ పడవలు రాకముందు కట్టుమరాలను విప్పి, దుంగలు ఆరబెట్టేవారు, చూసే ఉంటారు. ఈ బొమ్మ మీ నాన్నగారికి నచ్చడంలో నాకు ఆశ్చర్యం లేదు. అసలు చిత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియంలో ఉంది. పెద్దదేం కాదు, 65 సెంటీమీటర్ల ఎత్తు, 81.5 వెడల్పు.

పటాన్ని ముందు పడమటి కిటికీ ఎండకు దూరంగా మార్చండి. తర్వాత పటాలు కట్టే షాపులో విప్పించండి. అద్దానికి కాగితం అతుక్కుని ఉంటే లాగనివ్వొద్దు. కుర్రతనంలో నేనొకసారి ఒకావిడ పటం అలా లాగితే ఆకాశం సగం అద్దానికే ఉండిపోయింది. ఆవిడ ముఖం ఇప్పటికీ కళ్లముందుంది. అతుక్కుంటే అద్దంతో సహా అలాగే ఉంచేయండి. అతుక్కోకపోతే, ఆమ్లం లేని మౌంట్ అట్ట చుట్టూ పెట్టించి, అద్దానికీ కాగితానికీ మధ్య సందు ఉండేలా కట్టించండి. మీ సముద్రపు తేమకు ఆ సందు తప్పనిసరి.

వెనక పాత అట్ట మారుస్తారు, మార్చాల్సిందే. అది కాగితాన్ని పసుపు పచ్చగా చేస్తుంది. కానీ దాని మీద షాపు ముద్రో, మీ నాన్నగారి చేతిరాతో ఉండొచ్చు. మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. షాపువాళ్లు పారేసేలోపు దగ్గరుండి అడిగి తెచ్చుకోండి.