ఈ వారం ప్రశ్నలు: జూలై నాలుగులో ఏముంది?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పుట్టినరోజులు, వర్ధంతుల గురించే. అందుకని మిగతావి వచ్చే వారానికి పక్కన పెట్టి వీటినే తీసుకున్నాం.

ప్రశ్న: జూలై 4న మా స్కూల్లో అల్లూరి సీతారామరాజు జయంతి చేస్తాం. వివేకానందుడి వర్ధంతి, పింగళి వెంకయ్యగారి వర్ధంతి కూడా ఆ రోజేనని ఈసారి మా సోషల్ మాస్టారు చెప్పారు. అమెరికా స్వాతంత్ర్య దినం కూడా అదేనట. ఆ తేదీలో ఏదో ఉందని స్టాఫ్‌రూమ్‌లో ఒకటే చర్చ. నిజంగా ఏమైనా ఉందా? (ఒక టీచర్, భీమవరం)

జవాబు: మీ మాస్టారు చెప్పినవన్నీ నిజమే. అల్లూరి 1897లో పాండ్రంగిలో పుట్టారు. 2022లో 125వ జయంతికి మీ ఊళ్లోనే 30 అడుగుల కంచు విగ్రహం పెట్టారు కదా. వివేకానందుడు 1902లో బేలూరు మఠంలో పోయారు, అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు. 1921లో బెజవాడలో గాంధీగారికి జెండా నమూనా చూపించిన వెంకయ్యగారు పోయింది 1963లో. కావాలంటే ఇంకొకటి కలుపుకోండి, సంగీత దర్శకుడు కీరవాణి పుట్టింది కూడా 1961 జూలై 4నే.

అయినా తేదీలో ఏమీ లేదండీ. ఉన్న తేదీలు 366, పేరున్నవాళ్లు వేలకు వేలు, ఏ తేదీ పట్టుకున్నా నలుగురైదుగురు పెద్దవాళ్లు దొరక్కుండా పోరు. మనం జూలై 4న సభ పెట్టుకున్నాం కాబట్టి జూలై 4నే వెతికాం, జూలై 9ని ఎవరూ వెతకలేదు, అంతే తేడా. ఈ విషయంలో మన అంచనా ఎంత తప్పుతుందో చూడాలంటే, 23 మంది ఉన్న గదిలో ఏ ఇద్దరి పుట్టినరోజైనా కలిసే అవకాశం సగానికి పైనే ఉంటుంది. అంత తక్కువమందికా అనిపిస్తుంది కానీ, 23 మందిని ఇద్దరిద్దరిగా జత కడితే 253 జతలొస్తాయి, కలవాల్సింది అందులో ఒక్క జత. నలభై మంది ఉన్న క్లాసులో అయితే అవకాశం 89 శాతం దాకా ఉంటుంది. రేపు మీ అటెండెన్స్ రిజిస్టర్ తీసి చూడండి.

అయితే జూలై 4కి సంబంధించి ఒక్క సంగతి మాత్రం ఉత్త కాకతాళీయం అని కొట్టెయ్యడానికి నాకు మనసొప్పదు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్, దాన్ని సభలో నెగ్గించిన జాన్ ఆడమ్స్, ఇద్దరూ 1826 జూలై 4నే పోయారు, అంటే సరిగ్గా ఆ ప్రకటన యాభై ఏళ్ల పండగ రోజున. ఇద్దరూ తర్వాత అధ్యక్షులయ్యారు, రాజకీయంగా బద్ధశత్రువులయ్యారు, ముసలితనంలో మళ్లీ ఉత్తరాలు రాసుకుంటూ దగ్గరయ్యారు. జెఫర్సన్‌కి 83, ఆడమ్స్‌కి 90. వర్జీనియాలో మంచం మీదున్న జెఫర్సన్ ముందురోజు రాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా నాలుగో తారీఖు వచ్చిందా అని అడిగాడు. వచ్చింది, మధ్యాహ్నం పోయాడు. ఎక్కడో మసాచుసెట్స్‌లో ఉన్న ఆడమ్స్‌కి ఆ కబురు తెలిసే దారి లేదు, ఫోన్లూ టెలిగ్రాములూ లేని రోజులు. సాయంత్రం ప్రాణం పోయేముందు జెఫర్సన్ ఇంకా బతికే ఉన్నాడని అన్నాడట. అప్పటికి జెఫర్సన్ పోయి కొన్ని గంటలైంది. మరో మాజీ అధ్యక్షుడు జేమ్స్ మన్రో కూడా 1831లో అదే తేదీన పోయాడు. ఆ రోజు దాకా ఉండాలని మొదటి ఇద్దరూ పట్టుబట్టి ప్రాణం నిలబెట్టుకున్నారేమో. రుజువు చెయ్యలేం కానీ, జెఫర్సన్ అడిగిన తీరు చూస్తే నాకు అలాగే అనిపిస్తుంది.

వివేకానందుడి సంగతి వేరు. 1898లో కాశ్మీర్‌లో ఉన్నప్పుడు తన అమెరికన్ శిష్యుల కోసం జూలై 4 మీద ఇంగ్లీషులో ఒక కవిత రాశారు. నాలుగేళ్లకు అదే తేదీన పోయారు. ఇది మీ స్టాఫ్‌రూమ్‌లో చెప్తే చర్చ ఇంకో వారం సాగుతుంది!

ప్రశ్న: పుట్టిన తేదీనే పోవడం పుణ్యాత్ములకే దక్కుతుందని మా నాయనమ్మ అంటుంది. అలా పోయినవాళ్లు ఉన్నారా? (డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం)

జవాబు: బెంగాల్ ముఖ్యమంత్రి, పెద్ద డాక్టరు బి.సి. రాయ్ 1882 జూలై 1న పుట్టి 1962 జూలై 1న పోయారు, సరిగ్గా ఎనభై ఏళ్లకి. మన దేశంలో డాక్టర్స్ డే ఆ రోజు జరిపేది ఆయన పేరు మీదే. నటి ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కి కూడా పుట్టుక, చావు రెండూ ఆగస్టు 29నే. లెక్క ప్రకారం లక్షమందిలో ఓ 270 మందికి ఇలా జరుగుతుంది, పుణ్యం సంగతి నాయనమ్మగారికే వదిలేద్దాం.

ప్రశ్న: షేక్స్పియర్, డాన్ కిహోతే రాసిన సెర్వాంటెస్ ఒకే రోజు పోయారని క్విజ్‌లో చెప్తే మార్కు ఇవ్వలేదు. ఎందుకు? (ఒక పోటీ పరీక్షల అభ్యర్థి, వరంగల్)

జవాబు: క్విజ్ మాస్టర్‌ని తిట్టుకోకండి, ఆయన కరెక్టు. ఇద్దరికీ 1616 ఏప్రిల్ 23 అనే రాస్తారు, యునెస్కో పుస్తక దినోత్సవం కూడా ఆ రోజే. చిక్కెక్కడంటే క్యాలెండర్ దగ్గర. స్పెయిన్ 1582లోనే కొత్త గ్రెగోరియన్ క్యాలెండర్‌కి మారిపోయింది, అక్టోబర్ 4 తర్వాత ఏకంగా 15 వచ్చింది. ఇంగ్లండ్ మాత్రం 1752 దాకా పాత జూలియన్‌నే పట్టుకు కూర్చుంది. అంటే షేక్స్పియర్ పోయిన రోజు స్పెయిన్‌లో మే 3. పైగా సెర్వాంటెస్ పోయింది 22న, 23న ఖననం చేశారు అనేదే ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట. తేదీ కలిసింది, రోజు కలవలేదు.

గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడనే మాటలోనూ ఇదే తిరకాసు. గెలీలియో 1642 జనవరి 8న పోయాడు, ఇటలీ లెక్కలో. న్యూటన్ పుట్టింది 1642 క్రిస్మస్ రోజున, కానీ అది ఇంగ్లండ్ లెక్క, ఇటలీలో అప్పటికే 1643 జనవరి 4. తిరకాసు లేనిది స్టీఫెన్ హాకింగ్‌ది: గెలీలియో పోయిన సరిగ్గా 300 ఏళ్లకి 1942 జనవరి 8న పుట్టి, ఐన్‌స్టైన్ పుట్టిన మార్చి 14న 2018లో పోయాడు. జనాలు దీన్ని మహా విశేషంగా చెప్పుకుంటారు కానీ, తను పుట్టిన రోజే ఇంకో రెండు లక్షలమంది పిల్లలు పుట్టి ఉంటారని హాకింగే తేలిగ్గా తీసేశాడు.

ప్రశ్న: మా మామగారు పోయిన తేదీ, రెండేళ్ల తర్వాత మా పాప పుట్టిన తేదీ ఒక్కటే. కేక్ కొయ్యడానికి వీల్లేదని అత్తయ్యగారు పట్టుదలగా ఉన్నారు. మావారు మధ్యలో నలిగిపోతున్నారు. ప్రతి ఏడూ ఈ టెన్షన్ తప్పదా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: తప్పుతుందమ్మా. తద్దినం తేదీకి పెట్టరు, తిథికి పెడతారు, ఈ సంగతి మీ అత్తయ్యగారికి మీకంటే నాకంటే బాగా తెలుసు. తిథుల ఏడాది 354 రోజులే కాబట్టి తద్దినం ఏటా పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది, మధ్యలో అధికమాసం పడితే ఒక్కసారిగా పంతొమ్మిది రోజులు ఆలస్యంగా వస్తుంది. త్యాగరాజస్వామిని చూడండి. ఆయన పోయింది 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమి. తిరువయ్యారులో ఆరాధన తిథికే చేస్తారు, అది 2024లో జనవరి 30న వచ్చింది, 2025లో 18న, 2026లో 7న. మీ ఇంట్లో కూడా అంతే, తద్దినం ఒక రోజు, పుట్టినరోజు ఇంకో రోజు. రెండూ కలిస్తే గిలిస్తే మామగారు పోయిన పంతొమ్మిదో ఏడు కలవాలి, తిథీ తేదీ మళ్లీ ఒకచోటికి వచ్చేది అప్పుడే, అదీ ఒక రోజు అటూ ఇటూగా. అప్పటికి పాప ఇంటర్‌లో ఉంటుంది, కేక్ స్నేహితులతో బయటే కోసుకుంటుంది.

ఈ లెక్క అత్తయ్యగారికి మీరు చెప్పకండి, పంచాంగం తెచ్చి మీవారిచేత చెప్పించండి. ఆ రోజు పొద్దున మామగారి ఫొటోకి దండ వేసి, పాపచేత దణ్ణం పెట్టించి, సాయంత్రం కేక్ పెట్టుకుంటే ఎవరి మనసూ నొచ్చుకోదు.

ప్రశ్న: మా నాన్న, ఇద్దరు బాబాయిలు, మేనమామ, అందరి సర్టిఫికెట్లలోనూ పుట్టినరోజు జూలై 1. ఇదెలా సాధ్యం? (ఒక పాఠకుడు, శ్రీకాకుళం)

జవాబు: బడిలో వేసిన రోజు మాస్టారికి తోచిన తేదీ అది. గోదావరి పుష్కరాల ముందరో, పెద్ద గాలివాన వచ్చిన ఏడో పుట్టాడని తల్లి చెప్తే, ఆయన జూన్ 1 అనో జూలై 1 అనో రాసి పడేసేవాడు. ఆ తేదీకే ఉద్యోగాలు, రిటైర్మెంట్లు అన్నీ జరిగిపోయాయి. పైన భీమవరం టీచర్‌గారికి అటెండెన్స్ రిజిస్టర్ చూడమన్నాను కదా, అది ఆస్పత్రిలో పుట్టి బర్త్ సర్టిఫికెట్ ఉన్న ఇప్పటి పిల్లల విషయంలోనే పనిచేస్తుంది.

ప్రశ్న: ఫిబ్రవరి 29న పుట్టిన ప్రముఖుల్లో ఇద్దరి తేదీ కలిసిన సందర్భం ఉందా? (ఒక పాఠకురాలు, డాలస్)

జవాబు: భలే అడిగారు. మొరార్జీ దేశాయ్ 1896 ఫిబ్రవరి 29న పుట్టారు. నాలుగేళ్లకి 1900 వచ్చింది కానీ అది లీపు సంవత్సరం కాదు, వందతో పోయే ఏళ్లు నాలుగువందలతో కూడా పోతేనే లీపు. కాబట్టి ఆయన అసలు మొదటి పుట్టినరోజు 1904లో, ఎనిమిదేళ్లు నిండాక వచ్చింది. సరిగ్గా ఆ రోజే మదురైలో రుక్మిణీదేవి పుట్టారు, తర్వాత కళాక్షేత్ర పెట్టి భరతనాట్యాన్ని నిలబెట్టిన రుక్మిణీదేవి అరుండేల్. 1977లో ప్రధాని అయిన మొరార్జీ, రాష్ట్రపతిగా ఉండమని అడిగింది ఈవిడనే. ఆవిడ వద్దనేశారు. ఆ ఏడు జూలైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయింది మన అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డిగారు. ఆయన పుట్టింది మాత్రం మే 19న.