న్యూట్రల్‌లో దొర్లిస్తే పెట్రోలు మిగలదు

ఒంగోలు–కావలి రోజువారీ ప్రయాణంలో, సర్వీసు చేయించినా మీ కారుకు లీటరుకు 18 కిలోమీటర్లు రావలసింది 16 దాటడం లేదన్నారు; బండి ఆపాల్సిన చోటికి ముందే న్యూట్రల్ చేసి దొర్లిస్తానని కూడా అన్నారు. నా అనుమానం మీరు పొదుపనుకుంటున్న ఆ న్యూట్రల్ అలవాటు మీదే.

1. టంగుటూరు టోల్ గేటు కనబడగానే న్యూట్రల్ చేయకండి. గేరులోనే ఉంచి, యాక్సిలరేటర్ మీద నుంచి పాదం పూర్తిగా తీసేయండి. చాలామంది బొటనవేలు ఆనించే ఉంచుతారు, అక్కడే చెడుతుంది. పాదం తీస్తే ఇంజెక్షన్ ఇంజనుకు (ఇప్పటి కార్లలో కంప్యూటరు కొలిచి పెట్రోలు చిమ్మే రకం) పెట్రోలు ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగిపోకుండా తిరగడానికి (ఐడ్లింగ్‌కు) పెట్రోలు తాగుతూనే ఉంటుంది. న్యూట్రల్ చేయడం, ఇంజెక్షన్ రాకముందు పాత కార్బ్యురేటర్ బళ్ల కాలపు పొదుపు!

2. ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) 1,000కి దిగాకే క్లచ్ నొక్కండి.

3. పొగాకు ట్రాక్టరు వెనక అయిదో గేరులో బండి వణికితే మూడుకు దించండి.

4. వేగం 100 వద్దు, 80 చాలు.

రెండు ఫుల్ ట్యాంకుల తర్వాత లెక్క చూడండి.