తలుపు వెనక డైట్ చార్ట్.. మ్యాగజైన్లు మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 48 కిలోలు. టీనేజ్ అమ్మాయిల మ్యాగజైన్లు తెగ చదువుతుంది. రెండు నెలలుగా ఉదయం ఏమీ తినకుండానే స్కూలుకు వెళ్తోంది. రాత్రి సగం తిని లేచిపోతోంది. మ్యాగజైన్‌లోంచి కత్తిరించిన డైట్ చార్టును తలుపు వెనక అంటించుకుంది. ఏమైనా అంటే ఏడుపే. ఆ పుస్తకాలు మాన్పించమంటారా?
– ఓ తల్లి

జవాబు: మీరు రాసిన లెక్కల ప్రకారం మీ అమ్మాయి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 19.7. ఆ వయసుకు ఇది దాదాపు సగటు. తగ్గాల్సిన బరువేమీ లేదు. కానీ ఈ అంకె చూపించి తనను ఒప్పించడం కష్టం. ఈ వయసులో ఆడపిల్లలకు తుంటి, తొడల దగ్గర కొవ్వు చేరుతుంది. అది జబ్బు కాదు, ఎదుగుదల. సరిగ్గా అప్పుడే చేతికొచ్చిన మ్యాగజైన్ ఆ కొవ్వును కరిగించుకోమంటుంది!

చాలామంది తల్లిదండ్రుల కోపమంతా సన్నటి మోడల్స్ ఫొటోల మీదే. నన్నడిగితే డైట్ పేజీలతోనే ఎక్కువ భయం. అమెరికాలో టీనేజర్లను ఐదేళ్ల తేడాతో రెండుసార్లు పరిశీలించిన అధ్యయనం ఒకటి 2007లో వచ్చింది. బరువు తగ్గడంపై వ్యాసాలను తరచూ చదివిన అమ్మాయిలు, అసలు చదవనివారితో పోలిస్తే, ఐదేళ్ల తర్వాత భోజనం మానేయడం వంటి పనులు చేసే అవకాశం రెట్టింపు ఉంది. వాంతి చేసుకోవడం, విరేచనాల మందులు వాడటం లాంటివైతే మూడు రెట్లు. మొదట్లో వాళ్ల బరువు ఎంతుందన్నది లెక్కలోకి తీసుకున్నా ఇదే తేలింది.

‘అవన్నీ ఫొటోషాప్ బొమ్మలే’ అని చెప్తే చాలనుకోకండి. ప్రకటనల్లో మోడల్ శరీరాన్ని సన్నగానో లావుగానో మారిస్తే ఆ సంగతి ఫొటో మీదే రాయాలని ఫ్రాన్స్ 2017 నుంచి నిబంధన పెట్టింది. మంచిదే. అయితే ఇలాంటి లేబుళ్లు చూసినా తమ ఒంటిపై అసంతృప్తి పెద్దగా తగ్గడం లేదని చాలా పరిశోధనల్లో వెల్లడైంది.

కాబట్టి పుస్తకాలు లాక్కోవద్దు. అవి దాచుకుని చదువుతుంది, మీతో మాట్లాడటం మానేస్తుంది, అంతే. ఆ చార్ట్ ముందు కూర్చుని, ‘ఇందులో నీకు నచ్చిందేంటి?’ అని అడగండి, మధ్యలో అడ్డుపడకుండా వినండి. ఇంట్లో ఎవరూ, సరదాకైనా సరే, లావు, సన్నం అనే మాటెత్తకూడదు. మీరూ అద్దం ముందు నిలబడి మీ పొట్టను తిట్టుకోకండి. రోజులో ఒక పూటైనా అందరూ కలిసి తినండి. తూకం మిషన్‌ను పక్కన పెట్టేయండి.

వరుసగా మూడు నెలలు నెలసరి రాకపోయినా, తినగానే బాత్రూమ్‌కు వెళ్లి తలుపేసుకుంటున్నా, కళ్లు తిరుగుతున్నా, ఎప్పుడూ చలిగా ఉందంటున్నా, బరువు చకచకా తగ్గుతున్నా ఆలస్యం వద్దు, వెంటనే డాక్టర్‌కు చూపించండి. స్పృహ తప్పితే అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఎముకల బలంలో దాదాపు 90 శాతం అమ్మాయిలకు 18 ఏళ్లలోపే సమకూరుతుంది. ఇప్పుడు తిండి తగ్గిస్తే ఆ లోటు తర్వాత పూడ్చుకోవడం కష్టం.

ఇవేవీ లేకపోయినా, రెండు నెలలుగా భోజనం మానేస్తోంది కాబట్టి ఈ వారంలోనే ఒకసారి పిల్లల డాక్టర్‌కు చూపించండి. నాడి, బీపీ, రక్తపరీక్షతో మొదలుపెడతారు. అవసరమనుకుంటే సైకాలజిస్టు దగ్గరకు పంపుతారు. అక్కడ కాసేపు మీరు బయట కూర్చుని, అమ్మాయిని డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడనివ్వండి.